తెల్లతెర మీది నల్లబొమ్మ

సినిమా వినోదమునకు పుట్టినది. దానిని పట్టుకొని జాతిభేదములనియు వర్ణద్వేషమనియు విచారణ సాగించుట యేల యని మిత్రులు కొందరు మమ్ము మందలించుచున్నారు. రోజంతయు ఒళ్లు హూనము చేసికొన్నవాడు రెండున్నర గంటలు నవ్వుకొనుటకు పోవును, అచట గూడ మీరు త్రాసు పట్టుకొని కూర్చుందురా యని వారి యాక్షేపణ. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. నవ్వు వినబడగానే బొమముడి వేయు పత్రికలపై మాకును అంతగా గౌరవము లేదు. కాని నవ్వుచున్నది ఎవరిని చూచి? ఆ నవ్వబడువాడు హాలులో ఏ వరుసలో కూర్చుండి యున్నాడు? అసలాతనికి హాలులోనికి ప్రవేశమున్నదా? ఈ మూడు ప్రశ్నలు వేసినచో వినోదమను మాట అంత తేలికగా తేలిపోదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతివారిని వేరు రైలుపెట్టెలలో ఎక్కించి, వేరు బడులలో కూర్చుండబెట్టి, వేరు కుళాయిలకడ నీళ్లు త్రాగించిన శాసనములకు లోకమున వాడుకైన పేరు “జిమ్ క్రో”. ఈ పేరును ఏ న్యాయవాదియు పెట్టలేదు; ఏ శాసనసభయు తీర్మానింపలేదు. అది నాటకశాలలో పుట్టినది. 1830 ప్రాంతమున థామస్ డార్ట్‌మత్ రైస్ అను తెల్లనటుడు కాల్చిన బిరడాల మసి ముఖమునకు పులుముకొని, చింకిగుడ్డలు తొడిగి, కుంటుచు గెంతుచు జిమ్ క్రో అను నల్లవాని వేషము కట్టెను. జనము విరగబడి నవ్విరి. ఒకని వేషము పదిమందికి బ్రతుకుదెరువాయెను. పది బృందములు వందలాయెను. సోమరి, తిండిపోతు, దొంగ, పిరికివాడు, అర్థములేని వాగుడుకాయ: నల్లవాడనగా ఇంతేనని, జీవితములో ఒక్క నల్లవానితోనైన ముచ్చటింపని ఉత్తరదేశపు తెల్లవాడు సయితము నిశ్చయించుకొనెను. మన తోలుబొమ్మలాటలోని కేతిగాడు రాజును గూడ ఎగతాళి పట్టించును. ఈ వేషము ఎగతాళి చేసినది బానిసను. ఆ శతాబ్ది చివరకు శాసనములు వచ్చినప్పుడు, 1896లో అమెరికా సుప్రీముకోర్టు వేరుగా నుంచుట సమ్మతమేయని తీర్పు చెప్పినప్పుడు, జనులకు క్రొత్తగా నేర్పవలసినది ఏమియు మిగులలేదు. పాఠము నాటకశాలలోనే ముగిసియుండెను.

ఇది పాతకాలపు మొరటుతనమని తోసివేయువారికొక మాట. నాగరికతకు పుట్టినిల్లని మన పూర్వపు పాలకులు చెప్పుకొను ఇంగ్లండులో, ప్రజాధనముతో నడచు బి.బి.సి. సంస్థ, తెల్లగాయకులు మసి పూసికొని పాడు కార్యక్రమమును 1958 నుండి 1978 వరకు టెలివిజనులో ప్రసారము చేసెను. కుటుంబములు కుటుంబములుగా కూర్చుండి చూచిరి.

ఇక సినిమా విషయము. 1915లో డి. డబ్ల్యు. గ్రిఫిత్ “బర్త్ ఆఫ్ ఎ నేషన్” అను మూడు గంటల చిత్రమును విడుదల చేసెను. చిత్రనిర్మాణ విద్యలో అది గొప్ప మలుపని నేటికిని పండితులు చెప్పుదురు; కాదనుట మా యుద్దేశము కాదు. విషము వెండిగిన్నెలో పోసినను విషమే. బానిసత్వము రద్దయిన పిదప దక్షిణ రాష్ట్రములలో నల్లవారు ఓటు వేసి శాసనసభలకు వచ్చిన కాలము దాని కథావస్తువు. ఆ సభ్యులు తెరపై ఎట్లున్నారు? బల్లలపై కాళ్లు చాపి, జోళ్లు విప్పి, సభలో తాగుచు, కోడిమాంసము కొరుకుచు నున్నారు. చరిత్ర యేమనుచున్నది? దక్షిణ కరోలినా రాష్ట్రమున 1868లో నల్లవారు అధికసంఖ్యాకులుగా పాల్గొని చేసిన రాజ్యాంగము అందరి పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల యేర్పాటును శాసించెను. బడి పెట్టించినవానిని సినిమా తాగుబోతును చేసినది. ముఖ్యమైన నల్లపాత్రలను తెల్లనటులే మసి పూసికొని ధరించిరి. తెల్లకన్యను తరుము నల్లవాడును తెల్లవాడే. ఆ కన్య మానమును కాపాడుటకు తెల్లముసుగులు వేసికొని గుర్రములపై వచ్చు కూ క్లక్స్ క్లాన్ హంతకులు ఆ కథలో ధీరోదాత్తులు!

ఆ చిత్రమును దేశాధ్యక్షుడు వుడ్రో విల్సన్ తన భవనములో ప్రదర్శింపజేసికొనెను. అదే సంవత్సరము నవంబరులో, ఏనాడో చచ్చినదనుకొన్న క్లాన్ సంఘమును సిమ్మన్స్ అను నాతడు జార్జియా రాష్ట్రమున స్టోన్ మౌంటెన్ కొండపై మరల లేపెను. చిత్రము అట్లాంటా నగరమునకు వచ్చిననాడు పత్రికలలో దాని ప్రకటన ప్రక్కనే క్లాన్ ప్రకటన వెలువడెను. ఇంకొక విచిత్రము గలదు. మండుచున్న శిలువ క్లాన్ గుర్తని లోకమెరుగును. మొదటి క్లాన్ వారికి అట్టి యాచారము లేదు. ఆ చిత్రమునకు మాతృకయైన థామస్ డిక్సన్ నవలలో నది కల్పింపబడినది, తెరమీదికెక్కినది, అచటినుండి కొండమీదికి పోయినది. హంతకులు తమ లాంఛనమును కల్పనాకథనుండి అరువు తెచ్చుకొనిరి. 1920 దశకములో ఈ సంఘపు సభ్యులు లక్షల లెక్కలోనికి పోయిరి; 1925లో వాషింగ్టన్ నగరపు రాజవీథిలో వేలకొలదిగా కవాతు చేసిరి. వినోదమేకదా యను మిత్రులు ఈ యొక్క చిత్రపు చరిత్రను చదివి మరల మాతో వాదింతురుగాక.

ఎదురు చెప్పినవారు లేరా? ఉండిరి. 1909లో పుట్టిన నల్లజాతివారి హక్కుల సంఘము పట్టణపట్టణమున దీనిని ప్రతిఘటించెను. ఆస్కార్ మీషో అను నల్లదర్శకుడు 1920లో “వితిన్ అవర్ గేట్స్” అను చిత్రము తీసి, జనము గుంపుగా వచ్చి నిరపరాధిని చెట్టుకు వ్రేలాడదీయుట యెట్లుండునో చూపెను. గ్రిఫిత్ చిత్రము ప్రతులు ప్రపంచమంతటను భద్రముగా నున్నవి. మీషో చిత్రము దశాబ్దులపాటు కనబడకుండ పోయి, తుదకు స్పెయిన్ దేశపు భండారములో ఒక్క ప్రతి దొరకినది. అభియోగము అచ్చయి నిలిచినది, ప్రత్యుత్తరము పోగొట్టబడినది. అణగినజాతుల కథ యంతయు ఇట్లే యుండును.

హ్యాటీ మెక్‌డానియల్ సంగతి కొంచెము నెమ్మదిగా చెప్పవలసియున్నది. 1939లో వచ్చిన “గాన్ విత్ ది విండ్” చిత్రములో ఆమె తెల్లదొరసాని ఇంటి దాదిగా నటించెను. ఆ చిత్రము బానిసల తోటలను మల్లెపందిళ్లవలె చూపును. అందలి బానిసలకు తమ దొరలపై ప్రేమ తప్ప వేరు చింత యుండదు. మెక్‌డానియల్ తండ్రి బానిసగా పుట్టి అంతర్యుద్ధములో పోరాడిన సైనికుడు! డిసెంబరులో అట్లాంటాలో తొలి ప్రదర్శన జరిగినప్పుడు ఆ చిత్రపు నల్లనటీనటులు ఆ హాలున అడుగు పెట్టుటకు వీలులేకపోయెను. 1940 ఫిబ్రవరి 29న ఆమెకు ఆస్కారు బహుమానము వచ్చెను. నల్లజాతివారిలో అది తొలి బహుమానము. సభ జరిగిన హోటలులో నల్లవారికి ప్రవేశము లేదు. నిర్మాత ప్రత్యేకముగా అడిగి అనుమతి తెచ్చెను. తోడినటులు కూర్చున్న బల్లకడ కాక, గోడ ప్రక్కన వేసిన చిన్నబల్లకడ ఆమెను కూర్చుండబెట్టిరి. ఆమె లేచి, వేదికకు నడచి, బహుమానమును తీసికొని, మరల ఆ చిన్నబల్లకే వచ్చెను. 1952లో మరణించునప్పుడు తన్ను హాలీవుడ్ శ్మశానవాటికలో పాతిపెట్టవలెనని కోరెను. నల్లదేహమునకు అచట చోటు లేదనిరి. ఆ వాటికలో ఆమె పేర స్మారకశిల వెలసినది 1999లో! ఆమె తరువాత నల్లజాతి స్త్రీకి నటనకు ఆస్కారు దొరకుటకు 1991 దాక ఆగవలసివచ్చెను.

జీవితమంతయు పనికత్తె వేషములే వేసి తన జాతిని తలవంపులు చేసినదని ఆమెను సొంత జాతి నాయకులే నిందించిరి. హక్కుల సంఘపు కార్యదర్శి వాల్టర్ వైట్ స్టూడియోల యజమానులతో ఇట్టి వేషములు మానిపింపుడని పోరాడెను. ఆయన పోరాటము న్యాయమైనదే. కాని మా మనస్సు మెక్‌డానియల్ వైపే మొగ్గుచున్నదని చెప్పుటకు సంకోచింపము. దొరకిన వేషము ఒకటే. అది వేయకున్నచో ఇంట పొయ్యి రాజదు. ఆమె ఆ వేషములోనే కన్నెర్రజేసి దొరసానిని గద్దించి నిలిచినది. తెల్లవారికే అమ్మవలెనను ఒడంబడికలుగల పేటలో ఇల్లు కొని, వెళ్లగొట్టజూచిన యిరుగుపొరుగువారిపై 1945లో న్యాయస్థానమున గెలిచినది. నింద వేషము వేసినదానికా? ఒక్క వేషమే వ్రాసినవానికా? అంగడిలో ఒకే సరకుంచి కొన్నవాని రుచిని తప్పు పట్టినట్లున్నది.

ఆసియావారి గతియు వేరుకాదు. 1937లో చైనా రైతుకథయైన “గుడ్ ఎర్త్” తీసినప్పుడు, అమెరికాలోనే పుట్టిన చీనీనటి అన్నా మే వాంగ్‌ను కాదని, రైతుభార్య పాత్రను తెల్లనటి లూయిజ్ రైనర్‌కిచ్చిరి. భర్త పాత్ర అప్పటికే తెల్లనటునికి పోయినది. భిన్నజాతుల నడుమ ప్రేమను చూపరాదని నాటి నియమావళి. చీనీస్త్రీ వేషము వేసిన తెల్లనటికి ఆస్కారు వచ్చినది. ఇంతకన్న వ్యాఖ్య యనవసరము.

మనకు తగిలిన దెబ్బ మనకు జ్ఞాపకమున్నది. 1938లో “ది డ్రమ్” చిత్రమునకు బొంబాయిలో ప్రజలు ప్రతిఘటన జరిపిరి. 1939లో వచ్చిన “గంగాదీన్” బొంబాయి, వంగరాష్ట్రములలో నిషేధింపబడెను. తెల్లసిపాయిలకు నీళ్లుమోయు భిస్తీ తన దేశస్థులకు వ్యతిరేకముగా బాకా యూది ప్రాణము లర్పించుట అందలి యాదర్శము. స్వాతంత్ర్యము కోరువారందరు కాళికకు నరబలి యిచ్చు థగ్గులు. ఆ భిస్తీ న్యూయార్కులో పుట్టిన శామ్ జాఫే. ఆ హిందూదేశపు కొండలు కాలిఫోర్నియాలోనివి. “ఫిల్మిండియా” సంపాదకుడు బాబూరావు పటేలు ఇట్టి చిత్రములపై కలము ఝళిపించుచునే యుండెను. స్వరాజ్యము వచ్చిన ముప్పదియేడు సంవత్సరములకు, 1984లో, “టెంపుల్ ఆఫ్ డూమ్” అను అమెరికా చిత్రములో అవే థగ్గులు, అదే కాళిక మరల ప్రత్యక్షమైరి. మహారాజు విందులో కోతి మెదడును కనుగుడ్ల చారును వడ్డించిరి. కథ మార్చుడని మన ప్రభుత్వము పట్టుపట్టగా సింహళమునకు పోయి తీసికొనిరి. సామ్రాజ్యము పోయినను సామ్రాజ్యపు వంటశాల మూతపడలేదు.

మన తెలుగుబిడ్డ యొకడు ఈ వంటశాల తలుపు తట్టెను. అమెరికా టెలివిజనులో “సింప్సన్స్” అను బొమ్మల హాస్యకథ 1989 చివరినుండి నడచుచున్నది. అందు 1990లో అపు అను నొక భారతీయ దుకాణదారు ప్రవేశించెను. సత్యజిత్ రాయ్ కథానాయకుని పేరు పెట్టుటచే దానికొక గౌరవమబ్బినదని కర్తల యభిప్రాయము కాబోలు! గొంతుక మాత్రము హ్యాంక్ అజారియా అను తెల్లనటునిది. 1968లో పీటర్ సెల్లర్స్ అను ఆంగ్లనటుడు ముఖమునకు రంగు పూసికొని వేసిన భారతీయుని వేషము తనకు కొంత ఆధారమని ఆయనయే చెప్పెను. అనగా తెల్లవాని యనుకరణకు తెల్లవాని యనుకరణ. సుమారు ముప్పదియేండ్లు అమెరికా బడులలో చదివిన మన పిల్లలు నోరు తెరువకముందే ఆ యాసలో వెక్కిరింపబడిరి. తెలుగు తలిదండ్రులకు న్యూయార్కులో పుట్టిన హాస్యకారుడు హరి కొండబోలు 2017లో ఈ విషయముపై యొక డాక్యుమెంటరీ తీసెను. హాస్యమే వృత్తిగాగలవాడు హాస్యమును ప్రశ్నించుట గమనింపదగినది. మొదట కర్తలు పెదవి విరిచిరి; 2020లో అజారియా ఆ పాత్రను వదలుకొనెను, 2021లో క్షమాపణ చెప్పుకొనెను. ఒక్కని ప్రశ్నకు ఇంత కదలిక వచ్చినది.

ఆ 2017 ఫిబ్రవరిలోనే కాన్సాస్ రాష్ట్రమున ఓలేత పట్టణములో, సాయంకాలము విశ్రాంతిగా కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై యొక తెల్లవాడు, మా దేశమునుండి పొండని యరచుచు తుపాకి పేల్చెను. ఒకరు మరణించిరి, రెండవవారు గాయపడిరి. అడ్డుపోయిన అమెరికా యువకుడును తుపాకిగుండుకు గురియయ్యెను. ఆతని పేరు మన యిండ్లలో నిలువదగినది. తాను ఇరానీయులను చంపితినని హంతకుడు పిమ్మట చెప్పుకొనెను. బొమ్మలకథయే ఆ తుపాకిని పేల్చినదని మేమనము, అట్లనుట బుద్ధిహీనము. కాని హైదరాబాదువానికి, టెహరానువానికి భేదము తెలియని కన్ను ఎచట తయారైనదని యడుగుటకు మాకు హక్కు కలదు. గోధుమరంగు ముఖమనగా దుకాణదారు, కాకున్న బాంబులవాడు. ఈ రెండు చిత్తరువులే చూచిన కన్ను మూడవ మనిషిని ఎట్లు గుర్తించును?

ఇంతవరకు వ్రాసినది మన పాఠకులకు రుచించియే యుండును. ఒరుల తప్పు చదువుకొనుట సుఖము. ఇక రుచింపని భాగము.

1923లో భగత్ సింగ్ తింద్ అను పంజాబీ సైనికుడు అమెరికా పౌరసత్వము కోరి సుప్రీముకోర్టుకెక్కెను. తెల్లవారికే పౌరసత్వమను నియమము అన్యాయమని ఆయన వాదింపలేదు. తాను ఆర్యుడను, కావున తెల్లవాడనే యని వాదించెను. అమెరికావాడు నల్లవానిని ఎట్లు చూచునో, అగ్రవర్ణపు హిందువు ఈ దేశపు ఆదిమవాసిని అట్లే చూచునని గూడ ఆయన పక్షపు వాదనాపత్రములో వ్రాసిరి! కోర్టువారు ఆయనను తెల్లవారి బల్లకడ కూర్చుండనీయలేదు. అదే కాలమున లాలా లజపతిరాయ్ వేరుత్రోవ త్రొక్కెను. అమెరికాలో ప్రవాసమున్న యేండ్లలో నల్లజాతి నాయకుడు డు బాయిస్‌తో స్నేహము చేసి, కాథరిన్ మేయో మన దేశమును దూషించుచు 1927లో వ్రాసిన పుస్తకమునకు 1928లో బదులు వ్రాయునప్పుడు, నల్లవారిని అమెరికాలో చెట్లకు వ్రేలాడదీయుచున్న వైనమును అధ్యాయములుగా విప్పి చూపెను. ఒకరు బల్లకడ చోటడిగిరి. ఇంకొకరు బల్లనే ప్రశ్నించిరి. మన సినిమా ఈ యిద్దరిలో ఎవరి శిష్యరికము చేయుచున్నది?

తింద్ శిష్యరికమే యని మా యభిప్రాయము. తెలుగుతెరపై కోయవాడు ఎట్లు కనబడును? ఈకల కిరీటము, ఆకుల మొలనూలు, ఒంటినిండ మసి, అర్థములేని కూతలు. కోయలకు భాష కలదు, పాట కలదు, ఇలవేల్పుల కథలు కలవు. తెరకు ఇవి యేవియు తెలియవు. హాలీవుడ్ జిమ్ క్రోకు పూసిన మసియే ఇది. డబ్బా మాత్రము మన ఊరిది. గూర్ఖా వచ్చినచో కర్ర పట్టుకొని సకారమును షకారముగా పలుకును, అందులకొక నవ్వు. ఆఫ్రికావాడు ప్రతినాయకుని యనుచరుడుగనో మత్తుమందు వర్తకుడుగనో కనబడును. నాయికలో నలుపు కనబడదు. కనబడినచో అది హాస్యగానికి కట్టబెట్టవలసిన పిల్లయై యుండును, లేక కలలో వచ్చి నాయకుని బెదరగొట్టు పిల్లయై యుండును. “నలుపు నారాయణుడు మెచ్చు” నను సామెత మనదే. కృష్ణ యనగా నల్లనిది. ఆ పేరు ద్రౌపదిది. వ్యాసుడు నల్లనిదన్న రాణిని మన పౌరాణిక చిత్రములలో ఏ దర్శకుడైన నల్లగా చూపెనా? కృష్ణునికేమో నీలిరంగు పూసి తప్పించుకొంటిమి. ఆమెకు ఆ నీలియు దక్కలేదు. ముఖమును తెల్లబరచునను పూత యొకటి 1975నుండి ఈ దేశపు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది. 2020లో అమెరికాలో నల్లవాని మెడపై పోలీసు మోకాలు పడి లోకము గగ్గోలెత్తిన పిదప, దాని యజమానులు పేరులోనుండి తెలుపును తీసివేసిరి. డబ్బాపై మాట మారినది. పెండ్లిచూపులలో “ఎర్రగా బుర్రగా” అను మాట మారినదా?

తెలుగుచిత్రముల కీర్తి సముద్రములు దాటుచున్న దినములివి. 2022లో విడుదలయైన “ఆర్.ఆర్.ఆర్.” పాటకు 2023లో ఆస్కారు వచ్చినప్పుడు మేమును సంతోషించితిమి, అహంకరించిన తెల్లదొర నృత్యములో చతికిలబడుటను చూచి చప్పట్లు కొట్టని తెలుగువాడు ఉండడు. ఆ సభలో ఆ పాటకు ప్రధాన నర్తకులుగా మన ప్రాంతపు సంతతివారు లేరని అమెరికాలోని మన నర్తకులు నొచ్చుకొనిరి. ఆ బాధ సకారణమే. అయితే ఆ చిత్రములోనే ఇంకొకటి కలదు. తుదిలో కొమరం భీము అల్లూరి సీతారామరాజును తనకును తనవారికిని చదువు చెప్పుమని వేడును. కథ కల్పితమని నిర్మాతలు చెప్పియే తీసిరి. ఆ స్వేచ్ఛ వారిది. కాని జోడేఘాట్ కొండలలో నిజాము సేనలనెదిరించి 1940లో నేలకొరగిన భీము, పరారీలోనున్న యౌవనములో చదువను వ్రాయను నేర్చుకొనెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలను ఈ దేశమునకిచ్చినవాడు ఆయన. గురువును శిష్యుని చేసి చూపుట మన యూహకు ఎంత సహజముగా వచ్చినది! అడవిమనిషికి బలముండును, మంచితనముండును, తెలివి మాత్రము బయటినుండి రావలెను. ఇది గ్రిఫిత్ చిత్రములోని క్రౌర్యము కాదు; మిక్కిలి ప్రేమతో చేసిన పొరపాటు. ప్రేమతో చేసినందుననే ఎవరికిని కనబడలేదు.

ఈ బొమ్మలు తెరపైననే ఆగునా? 2016లో బెంగుళూరులో టాంజానియా విద్యార్థినిపై జనము మూకయై పడిరి. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో యొక బాలుని మరణమునకు నైజీరియావారే కారణమను పుకారు లేవగా, అంగళ్లలో కనబడిన ఆఫ్రికా విద్యార్థులను గుంపులు చావబాదినవి. ఈశాన్య రాష్ట్రములనుండి వచ్చిన మన పౌరులనే చీనీవారని గేలిచేయుట వినుచున్నాము. 2014లో ఢిల్లీలో అట్టి గేలి యొక యువకుని మరణముతో ముగిసినది. ఓలేత హంతకుడు ఇరానీయుని, తెలుగువానిని గుర్తింపలేకపోయెనని మనము బాధపడితిమి. మన వీధిలో కాంగోవానిని, నైజీరియావానిని, సూడానువానిని గుర్తింపగలవాడెవడు? నాటాలుకు 1860నుండి పోయిన మన తెలుగు కూలీలను, రంగూనులోని మన రేవుకూలీలను పరాయివారు ఏ పేర్లతో పిలిచిరో మన తాతలకు తెలియును. కోరంగి రేవునుండి ఓడనెక్కిన పాపమునకు “కోరంగీ” అనుట బర్మాలో తిట్టుమాటయై పోయినది. 1930లో ఆ తిట్టు రంగూను వీథులలో నెత్తురై పారినది. ఇట్టి యనుభవము గలజాతి నల్లవాని చూచి నవ్వు నేర్చుకొనుట మాకు ఎంత ఆలోచించినను బోధపడుటలేదు.

ఉపాయమేమి? వెంటనే సెన్సారు కత్తెరను పిలుచువారితో మేమేకీభవింపము. “గంగాదీన్”ను ఆపిన 1939లోనే గూడవల్లి రామబ్రహ్మముగారి “రైతుబిడ్డ” జమీందారుల కోపమునకు గురియై కొన్ని తావుల నిషేధము పాలయ్యెను. కత్తెరకు కన్నులు లేవు; అది పట్టుకొన్నవాని కన్నులతోనే చూచును. ఆ రామబ్రహ్మముగారే అంతకు ముందటి యేడు “మాలపిల్ల” తీసి అంటరానితనముపై తెలుగుదేశమంతట చర్చ రేపిరి. చెడుచిత్రమునకు దీటైన సమాధానము చిత్రమే. 2020లో అమెరికాలో “గాన్ విత్ ది విండ్”ను ఇండ్లకు చూపు సంస్థ మొదట దానిని తొలగించి, తరువాత కొలది దినములకే, నల్లజాతి పండితురాలి పరిచయోపన్యాసము ముందు చేర్చి మరల చూపినది. తొలగించుటకన్న ఈ రెండవ పని మాకు నచ్చినది. పాతచిత్రమును దాచిపెట్టినచో మెక్‌డానియల్ ఆ చిన్నబల్లనుండి గూడ లేచిపోవలసివచ్చును.

క్రొత్తచిత్రముల విషయములో మేము కోరునది యింకను చిన్నది, ఖర్చుతో కూడినది. కోయపాత్ర వ్రాయు రచయిత యెదుట కథ వ్రాయుచున్నప్పుడే ఒక కోయ యువకుడు కూర్చుండవలెను. ఊరక కాదు, తక్కినవారివలె జీతము తీసికొని. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆఫ్రికా విద్యార్థులు ఎన్నియో యేండ్లుగా చదువుచున్నారు. స్టూడియోలు అచటికి దూరములో లేవు. వారిని గూండా వేషమునకే పిలువక, సంభాషణలు సరిచూచుటకు పిలిచిన ఏమి నష్టము? నల్లనిపిల్ల పాత్ర యున్నచో నల్లనిపిల్లకే ఇయ్యవలెను, మసిడబ్బా తెరువరాదు. ఈ యూరి పఠనమందిర సభ్యులు చిత్రము చూచి వచ్చి మెట్లపై చేయు విమర్శలు మేము వినియున్నాము. సంభాషణకర్తలకు చాలవరకు తెలియనివి వానిలో నున్నవి. అవి మెట్లపై మిగిలిపోనేల? మసి పూసికొన్న ముఖము తెరపై కనబడి హాలు నవ్వినప్పుడు, ఆ చిత్రపు నిర్మాత పేరు గుర్తుంచుకొని ఆయనకొక ఉత్తరము వ్రాయుడు. దాని నకలును మాకు పంపినచో, ఉగాదివరకు ప్రతివారము ఈ పుటలో ఒక స్తంభము అందులకై కేటాయించితిమి; నిర్మాతలు బదులు వ్రాసినచో అక్షరము మార్చక దానిని గూడ ప్రకటింతుము.